14 డాలర్ల రెండు కడ్డీల యాంటెన్నా: మా ఇంట్లో సీబీఎస్ టీవీ ఛానెల్ పట్టిన వైనం

ముందే మార్కులు వేసేస్తాను, చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. గోడకి అంటించుకునే పల్చటి ప్లాస్టిక్ యాంటెన్నా, 32 డాలర్లు: అయిదుకి రెండు. దాంతో పాటు అదే పెట్టెలో వచ్చిన, సిగ్నల్ పెంచే బూస్టర్: మా ఇంట్లో మాత్రం సున్నా. హార్డ్‌వేర్ షాపులో కింది అరలో దుమ్ము పట్టి ఉంటే 14 డాలర్లకి తెచ్చుకున్న పాత తరహా రెండు కడ్డీల యాంటెన్నా: అయిదుకి నాలుగు. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గిందంటే, అది హాల్లో ఉన్నన్నాళ్ళూ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ "ఇదేంటండీ, ఇండియా నుంచి తెచ్చుకున్నారా?" అని అడిగారు.

కంపెనీల పేర్లు రాయడం లేదు. పల్చటి యాంటెన్నాల్లో ఒకే సరుకు నాలుగు పేర్లతో నాలుగు రంగుల పెట్టెల్లో దొరుకుతోంది, ఈ నెల ఉన్న పేరు వచ్చే నెల కనబడదు. ఇక కడ్డీల యాంటెన్నా ఎవరిదైనా దాదాపు ఒకటే. కొనేటప్పుడు చూసుకోవాల్సినవి ఉన్నాయి, అవి దాని దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

మేముండేది షికాగోకి పడమటి వైపు నేపర్‌విల్‌లో, రెండంతస్తుల టౌన్‌హోమ్. ఇక్కడికి టీవీ సిగ్నళ్ళు చాలావరకు డౌన్‌టౌన్‌లో విల్లిస్ టవర్ పైనుంచి వస్తాయి. ఆ బిల్డింగు 442 మీటర్లు, నెత్తిమీది యాంటెన్నాలతో కలిపితే 527. మ్యాపు మీద గీత గీస్తే మా ఇంటికి 28 మైళ్ళు. మధ్యలో కొండా లేదు గుట్టా లేదు, ఈ ప్రాంతమంతా అట్ల పెనంలా చదును. ఇంత దూరానికి ఇంట్లో పెట్టుకునే యాంటెన్నా చాలాలి. చాలకపోతే తప్పు మనదే అయ్యుండాలి. ఈ ముక్క అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

అసలు యాంటెన్నా గోల ఎందుకొచ్చిందంటే, కారణాలు రెండు. 2021 జూన్ 20 రాత్రి పదకొండు దాటాక నేపర్‌విల్ మీద టోర్నడో పడింది. మా వీధి తప్పించుకుంది, కరెంటు కూడా పోలేదు, కేబులూ ఇంటర్నెట్టూ మాత్రం పోయాయి. పైన సైరన్ మోగుతోంది, మేము బేస్‌మెంట్‌లో. ఇంట్లో మూడు టీవీలున్నాయి, టోర్నడో ఎటు పోతోందో చెప్పడానికి ఒక్కటీ పనికిరాలేదు. అన్నీ ఆ వైరు మీద నడిచేవే మరి. మర్నాడు చేత్తో తిప్పి ఛార్జి చేసుకునే ఎమర్జెన్సీ రేడియో ఒకటి కొని ఊరుకున్నాం. రెండో కారణం అంత గంభీరమైనది కాదు. కేబుల్ బిల్లులో లోకల్ ఛానెళ్ళ రుసుము అని ఒక పద్దు ఏటేటా పెరుగుతోంది. ఉచితంగా గాల్లో వచ్చేవాటికి నెలనెలా డబ్బు కట్టడమేమిటని మా ఆయన 2023 డిసెంబర్‌లో కేబుల్ తీయించేశారు. అప్పుడు మావాడు, ఎనిమిదో క్లాసు, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "మరి సూపర్ బౌల్?"

2024 ఫిబ్రవరి 11న సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్. ఆ ఏడు సీబీఎస్‌లో. షికాగోలో సీబీఎస్ అంటే ఛానెల్ 2. మాకు అన్ని ఛానెళ్ళూ వచ్చి అదొక్కటే రాలేదు.

పల్చటిదాని సంగతి ముందు చెబుతాను. పెట్టె మీద "250 మైళ్ళ రేంజి", "4కే యాంటెన్నా" అని ఉంది. రెండూ ఉత్త మాటలే. టీవీ తరంగాలు దాదాపు చూపు దారిలోనే పోతాయి, భూమి గుండ్రంగా ఉంది. విల్లిస్ టవర్ అంత ఎత్తు నుంచి పంపినా అరవై, డెబ్భై మైళ్ళు దాటితే మామూలు ఇంటికి అందడం గగనం. ఇక యాంటెన్నాకి 4కే అంటే ఏమిటో తెలియదు, అది లోహపు ముక్క. తరంగాన్ని పట్టి వైర్లోకి పంపడమే దాని పని. బొమ్మ ఎంత స్పష్టమైనదో చూసుకునేది టీవీ లోపలి ట్యూనరు. కొత్తగా వస్తున్న ఏటీఎస్‌సీ 3.0 ప్రసారాలకి కూడా టీవీలో ట్యూనరు వేరు కావాలి గానీ యాంటెన్నా ఇదే చాలు.

అందరూ చెప్పినట్టే హాల్లో తూర్పు కిటికీ అద్దానికి అంటించాను. స్కాన్ పెడితే యాభైకి పైగా ఛానెళ్ళు వచ్చాయి. సంబరపడ్డాం. తీరా చూస్తే సగం వస్తువులమ్మే ఛానెళ్ళు, పాత కౌబాయ్ సినిమాలు. పెద్దవాటిలో ఎన్‌బీసీ ఉండుండి ముక్కలు ముక్కలయ్యేది. సీబీఎస్ లిస్టులోనే లేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మన చిన్నప్పుడు సిగ్నల్ తగ్గితే తెర నిండా చుక్కలు వచ్చేవి, అయినా చుక్కల్లోనే చిత్రలహరి చూసేసేవాళ్ళం. డిజిటల్‌కి ఆ మర్యాద లేదు. సిగ్నల్ ఒక మట్టం పైన ఉన్నంతసేపు అద్దంలాంటి బొమ్మ, ఒక్క మెట్టు కిందికి దిగితే గళ్ళు గళ్ళుగా విరిగిపోయి, మాట మింగేసి, నల్ల తెర. అందుకే "కొంచెం వస్తోంది, కొంచెం తిప్పుదాం" అనే వీలు కంటికి దొరకదు. టీవీ సెట్టింగుల్లో సిగ్నల్ చూపించే పేజీ ఉంటుంది, చాలామంది తెరవరు. అందులో బలం అని ఒకటి, నాణ్యత అని ఒకటి ఉంటాయి. చూడాల్సింది రెండోది.

ఆ పేజీ తెరిచి యాంటెన్నా పట్టుకుని ఇల్లంతా తిరిగాను. విచిత్రం ఏమిటంటే కిటికీ అద్దం మీద కన్నా, దాని పక్కన ఉత్త గోడ మీద నాణ్యత బాగుంది. కారణం తరవాత తెలిసింది. ఈ మధ్య కట్టిన ఇళ్ళలో వేడి బయటికి పోకుండా కిటికీ అద్దాలకి కంటికి కనబడని పల్చటి లోహపు పూత వేస్తారు. అది వేడినే కాదు, టీవీ తరంగాలనీ అడ్డుకుంటుంది. మా గోడ చెక్క, దానిపైన వినైల్, తరంగాలు హాయిగా దూరిపోతాయి. గోడలో రేకు అంటించిన ఇన్సులేషన్ ఉన్నవాళ్ళకి ఇది తలకిందులు కావచ్చు. ఎవరి ఇల్లు వాళ్ళు తిరిగి చూసుకోవాల్సిందే, "కిటికీలో పెట్టండి" అని ముందే చెప్పేసేవాళ్ళ మాట నమ్మకండి. గోడ మీదికి మారాక ఎన్‌బీసీ, ఏబీసీ, ఫాక్స్, డబ్ల్యూజీఎన్, పీబీఎస్ అన్నీ కుదురుకున్నాయి. సీబీఎస్ అప్పటికీ లేదు.

ఇప్పుడు బూస్టర్. ఏ ఛానెల్ రాకపోయినా బూస్టర్ పెట్టాలన్నది మన రక్తంలో ఉంది. యాంటెన్నాకీ టీవీకీ మధ్య తగిలించి స్కాన్ పెట్టాను. సీబీఎస్ రాలేదు సరికదా, కుదురుగా ఉన్న ఎన్‌బీసీ మళ్ళీ ముక్కలవడం మొదలెట్టింది.

ఆ దశలో నాన్నకి ఫోన్ చేశాను. నాన్నకి గుడివాడలో ముప్ఫై ఏళ్ళు రేడియో, టీవీ రిపేరు షాపు ఉండేది. కేబుల్ రాకముందు ఊళ్ళో డాబాల మీద కొండపల్లి టవర్ వైపు తిప్పి ఉన్న యాంటెన్నాల్లో చాలావాటిని తిప్పింది ఆయనే. నేను మాత్రం ఆ షాపులో కూర్చుని సోల్డరింగ్ వాసన పీల్చానే తప్ప ఒక్క ముక్క నేర్చుకోలేదు. మాకు రాత్రి ఏడున్నర, వాళ్ళకి మర్నాడు ఉదయం ఏడు. కాఫీ గ్లాసు పట్టుకుని వీడియోలోకి వచ్చారు.

"ఏదీ, చూపించమ్మా నీ యాంటెన్నా."

చూపించాను. "ఇదా? ఇది క్యాలెండర్ అట్టలా ఉందే. కడ్డీలేవీ?"

"కడ్డీలుండవు నాన్నా, లోపల రేకు ఉంటుందంట."

"రానిది ఒక్కటేనా? మిగతావన్నీ వస్తున్నాయా?"

"అన్నీ వస్తున్నాయి. రెండో నంబరు ఒక్కటే రాదు."

"అయితే బూస్టర్ పీకెయ్. అన్నీ వచ్చి ఒకటి రాలేదంటే బలం సమస్య కాదమ్మా, కొలత సమస్య. అది ఏ బ్యాండులో ఉందో చూడు."

"రెండు అంటే రెండే కదా?"

"పేరు రెండు. ఊరు ఎక్కడో చూడు."

ఈ పేరూ ఊరూ సంగతి నాకు నిజంగానే తెలియదు. అమెరికాలో 2009 జూన్ 12న పెద్ద స్టేషన్ల పాత అనలాగ్ ప్రసారాలు ఆగిపోయి డిజిటల్ అయినప్పుడు స్టేషన్లు చాలావరకు వేరే ఫ్రీక్వెన్సీలకి మారాయి. జనానికి అలవాటైన నంబరు పోకుండా టీవీ తెరమీద మాత్రం పాత నంబరే చూపిస్తారు. ప్రసారాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో మన అడ్రసు కొడితే ఏ స్టేషను అసలు ఏ ఛానెల్ మీద వస్తోందో, మన ఇంటికి ఎంత బలంగా చేరాలో, ఏ దిక్కు నుంచో మ్యాపు చూపిస్తుంది. అందులో ఏబీసీ పేరుకి 7, అసలు 22. ఎన్‌బీసీ పేరుకి 5, అసలు 33. డబ్ల్యూజీఎన్ 9 అంటారు, ఉన్నది 19లో. ఇవన్నీ యూహెచ్‌ఎఫ్, అంటే పొట్టి తరంగాల బ్యాండు. మా సీబీఎస్ పేరు 2, అసలు ఊరు 12. అది వీహెచ్‌ఎఫ్, అంటే పొడవాటి తరంగాల బ్యాండు. మాకు కావాల్సిన పెద్ద ఛానెళ్ళలో అదొక్కటే ఆ బ్యాండులో ఉంది.

నిజానికి 2009లో ఏబీసీ కూడా డిజిటల్ అయ్యాక తన పాత 7 మీదే వీహెచ్‌ఎఫ్‌లో ఉండబోయింది. ఇళ్ళలో యాంటెన్నాలకి అందడం లేదని జనం గోల పెడితే యూహెచ్‌ఎఫ్‌కి వెళ్ళిపోయింది. సీబీఎస్ 12లోనే ఉండిపోయింది. అంటే షికాగో చుట్టుపక్కల "నాకు అన్నీ వస్తాయి, 2 రాదు" అనే వాళ్ళందరి జబ్బూ ఇదే. మీ ఊళ్ళో అది ఇంకో ఛానెల్ కావచ్చు. యాంటెన్నా కొనే ముందు ఆ మ్యాపు చూసుకుని ఉంటే నాకు 32 డాలర్లు మిగిలేవి.

నాన్నకి 12 అని చెప్పగానే ఫ్రీక్వెన్సీ ఎంత అని అడిగారు. 204 నుంచి 210 మెగాహెర్ట్జ్. పక్కనున్న పేపరు అంచు మీద ఏదో కూడి, "మధ్యలో 207 వేసుకో. నూటయాభైని దాంతో భాగిస్తే సగం తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. లోహంలో కాస్త తగ్గించి వేసుకోవాలి. మొత్తం 69 సెంటీమీటర్లు. ఒక్కో కడ్డీ 34, అంటే జానెడున్నర. నీ అట్ట ఎంతుంది?" అన్నారు.

కొలిస్తే అట్ట మొత్తం ముప్ఫై అయిదు సెంటీమీటర్లు లేదు. యూహెచ్‌ఎఫ్ తరంగాలు పొట్టివి కాబట్టి వాటికి సరిపోతోంది, వీహెచ్‌ఎఫ్‌కి సగమే. "చంటిపిల్లాడి చొక్కా పెద్దాడికి తొడుగుతున్నావ్" అన్నారు నాన్న. బూస్టర్ గురించి కూడా అప్పుడే చెప్పారు. యాంటెన్నాకి అందని దాన్ని బూస్టర్ పుట్టించలేదు, అందినదాన్ని గోలతో సహా పెంచుతుంది. పైగా ఇప్పుడు గోల మన పక్కనే ఉంది. టీవీలకి 36 దాకానే మిగిల్చి, పై ఛానెళ్ళని ఫోన్ కంపెనీలకి ఇచ్చేశారు. 2020 కల్లా స్టేషన్లన్నీ కిందికి సర్దుకున్నాయి. 36వ ఛానెల్ 608 మెగాహెర్ట్జ్ దగ్గర అయిపోతే, 617 నుంచి ఫోన్ టవర్ల పాట మొదలు. మా కాలనీ వెనక అలాంటి టవరు ఒకటుంది. ఆ హోరు కూడా బూస్టర్‌లోకి దూరి దాన్ని ఉక్కిరిబిక్కిరి చేస్తోంది. ఒకే యాంటెన్నా నుంచి మూడు నాలుగు టీవీలకి వైర్లు లాగేవాళ్ళకి బూస్టర్ అవసరం పడుతుంది, ఎందుకంటే సిగ్నల్‌ని పంచే రెండు దారుల స్ప్లిటర్ ఒక్కటి పెట్టినా ఒక్కో దారికి సగం కన్నా తక్కువే దక్కుతుంది. వాళ్ళు ఫోన్ సిగ్నళ్ళని ఆపే ఫిల్టర్ ఉన్నదే కొనుక్కోవాలి. ఒక టీవీకి 28 మైళ్ళలో బూస్టర్ దండగ.

మర్నాడే కడ్డీలది కొన్నాను. ఇందాక చెబుతానన్నది ఇది: కడ్డీలు సాగదీస్తే ఒక్కొక్కటి కనీసం జానెడున్నర రావాలి, చాలావాటిలో అంతకన్నా ఎక్కువే వస్తాయి. యూహెచ్‌ఎఫ్ కోసం మధ్యలో గుండ్రటి తీగో, అలాంటిదేదో ఉండాలి. వెనక వైరు శాశ్వతంగా అతికించి కాకుండా మర బిగించే కనెక్టర్ ఉంటే మంచిది, అప్పుడు మనకి కావలసిన పొడవు మంచి ఆర్‌జీ-6 కేబుల్ (మందపాటి టీవీ వైరు) తగిలించుకోవచ్చు. పల్చటి యాంటెన్నాతో ఇచ్చిన వైరు చెవిపోగుల తీగంత సన్నం.

పెట్టె మీద బొమ్మలో కడ్డీలు రెండూ ఆకాశంలోకి వి ఆకారంలో నిలబెట్టి ఉన్నాయి. అలాగే పెట్టాను. నాన్న మళ్ళీ వీడియోలో, "పడుకోబెట్టు. ప్రసారం అడ్డంగా వస్తోంది, కడ్డీలూ అడ్డంగా చాచాలి. కడ్డీ మొన టవర్ వైపు చూడకూడదు, పక్క చూడాలి" అన్నారు. ఫోన్లో దిక్సూచి పెట్టి చూస్తే టవరు తూర్పుకి ఇరవై డిగ్రీలు ఉత్తరంగా ఉంది. "దాదాపు ఈశాన్యమే నాన్నా" అంటే, "ఈశాన్యంలో బరువు పెట్టకూడదంటారు, అదేమన్నా బీరువానా, పెట్టు" అన్నారు. ఒక్కో కడ్డీని టేపుతో కొలిచి 34 సెంటీమీటర్లకి సాగదీసి, అడ్డంగా చాచి, స్కాన్ కొట్టాను.

2.1, అంటే సీబీఎస్, వచ్చింది. గుడివాడలో నాన్న, ఇక్కడ మావాడు ఒకేసారి అరిచారు. వార్తలు చదువుతున్న ఆవిడ ముఖం మీద గీతలు కూడా లెక్కపెట్టేట్టుంది.

రెండు రోజులు సంతోషం. మూడో రోజు సాయంత్రం ఆరున్నరకి సీబీఎస్ విరిగిపోయింది. ఎనిమిదింటికి తిరిగి వచ్చింది. నాలుగో రోజూ అంతే. మధ్యాహ్నం బ్రహ్మాండం, రాత్రి పదింటికి బ్రహ్మాండం, సాయంత్రం వంట చేసే వేళకి మాయం. మిగతా ఛానెళ్ళు కదలవు. నేను విమానాల మీద పెట్టాను, మా ఆయన చలి మీద పెట్టారు (అది జనవరి మధ్య, బయట సున్నాకి చాలా కింద). నాన్న మాత్రం ఒకటే అడిగారు. "అది పోయినప్పుడు ఇంట్లో ఏం వెలుగుతోంది?"

వంటింట్లో అల్మరాల కింద అంటించిన ఎల్ఈడీ లైట్ల పట్టీ. ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తే తీసుకున్నది. "మన షాపు ముందు లూనా బండి పోతే టీవీలో గీతలొచ్చేవి గుర్తుందా? ఇదీ అదే. దాని అడాప్టర్ దగ్గర రేడియో పెట్టు" అన్నారు. టోర్నడో తరవాత కొన్న చేతి రేడియో అటక మీంచి దింపి, ఏఎమ్‌లో ఖాళీ చోట పెట్టి అడాప్టర్ దగ్గరికి తీసుకెళితే తేనెపట్టు కదిలించినట్టు బుయ్యిమంది. స్విచ్ తీస్తే నిశ్శబ్దం. స్విచ్ తీయగానే హాల్లోంచి సీబీఎస్ మాటలు వినబడ్డాయి. అలాంటి చవక అడాప్టర్లు, కొన్ని ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు వీహెచ్‌ఎఫ్‌లో గోల కక్కుతాయి. యూహెచ్‌ఎఫ్‌ని అంతగా ముట్టుకోవు, అందుకే మిగతా ఛానెళ్ళు కదల్లేదు. ఒక్క ఛానెల్ ఒక వేళకే పోతోందంటే యాంటెన్నాని తిట్టే ముందు రేడియో పట్టుకుని ఇల్లు ఒకసారి చుట్టి రండి. అడాప్టర్ మార్చాను, తొమ్మిది డాలర్లు. గోల ఇప్పటికీ కాస్త ఉంది గానీ ఛానెల్ పోయేంత లేదు.

అయినా యాంటెన్నా హాల్లో, నేల అంతస్తులో ఉంది. వంటింటికి దగ్గర. ఎవరైనా టీవీ ముందు నుంచి నడిస్తే ఎన్‌బీసీ ఒక్క క్షణం బిగుసుకుపోయేది. మేడ మీదికి మారిస్తే బాగుంటుంది, కానీ మేడ మీద నుంచి వైరు కిందికి ఎలా? మా ఆయన గోడకి బెజ్జం పెడతానని డ్రిల్లు తీశారు. "అల్లుడుగారిని ఆపు" అన్నారు నాన్న, "ఆ ఇంట్లో ఇదివరకు కేబుల్ ఉండేది కదా, ప్రతి గదికీ వైరు ఉండే ఉంటుంది."

ఉంది. ప్రతి గది గోడలోనూ కేబుల్ తగిలించే మర ఉంది, అన్ని వైర్లూ బేస్‌మెంట్‌లో ఒక మూల పెట్టెలో కలుస్తున్నాయి, కేబుల్ కంపెనీ వాళ్ళ స్ప్లిటర్ దగ్గర. ఏ వైరు ఏ గదిదో తెలుసుకోవడానికి ఒక ఆదివారం పోయింది. మావాడి గది వైరూ, హాలు వైరూ స్ప్లిటర్ నుంచి విప్పి, రెండింటినీ ఎదురెదురుగా కలిపే చిన్న ఇత్తడి ముక్క (షాపులో బారెల్ కనెక్టర్ అంటే ఇస్తారు, మూడు డాలర్లు) పెట్టి బిగించాను. ఒక జాగ్రత్త: బయటి నుంచి కంపెనీ వైరు వచ్చే చోటికి మన యాంటెన్నా వైరు ఏ దారిలోనూ కలవకూడదు. ఇంటర్నెట్ మోడెమ్ కూడా అలాంటి వైరు మీదే నడుస్తుంటే దాన్ని అసలు ముట్టుకోకండి. నేను ముందు ముట్టుకున్నాను. మా ఆయన మీటింగులో ఉన్నారు. ఆ ముచ్చట వదిలేద్దాం.

ఇప్పుడు కడ్డీల యాంటెన్నా మేడ మీద మావాడి గదిలో తూర్పు గోడకి ఆనించిన పుస్తకాల బీరువా నెత్తిన ఉంటుంది. గోడలోని మరకి తగిలిస్తే సిగ్నల్ బేస్‌మెంట్ దాకా దిగి, హాలు టీవీలోకి ఎక్కుతుంది. ఇన్ని అడుగుల వైరులో కొంత సిగ్నల్ పోతుంది, అయినా ఒక అంతస్తు ఎత్తు పెరిగినందువల్ల కలిసొచ్చింది దానికన్నా చాలా ఎక్కువ. సీబీఎస్ నాణ్యత కింద 60ల్లో ఉండేది, 80లకి వెళ్ళింది. ఈ అంకెలు మా టీవీవి, మీ టీవీలో కొలబద్ద వేరుగా ఉంటుంది.

ఫిబ్రవరి 11 సాయంత్రం మూడు కుటుంబాల వాళ్ళు వచ్చారు. నేను మిర్చి బజ్జీలు వేశాను, కొత్త అడాప్టర్ మీద పూర్తి నమ్మకం లేక పట్టీ లైట్లు ఆర్పేసి, పొయ్యి మీది దీపం వెలుగులోనే వేశాను. ఆట ఓవర్‌టైముకి పోయింది, చీఫ్స్ 25, ఫార్టీనైనర్స్ 22. బొమ్మ ఒక్కసారీ ఆగలేదు. ఒక తమాషా జరిగింది. వచ్చినవాళ్ళ అబ్బాయి ఒకడు సోఫా చివర కూర్చుని అదే ఆట ఫోన్లో కూడా పెట్టుకున్నాడు. మా టీవీలో జరిగింది వాడి ఫోన్లో అర నిమిషం తరవాత జరిగేది. గాల్లోంచి నేరుగా వచ్చేది ఇంటర్నెట్ మీద తిరిగొచ్చేదాని కన్నా ముందుంటుంది. చివరి టచ్‌డౌన్‌కి మేమంతా అరిచాక, వాడు తన ఫోన్లో ఇంకా ఎవరు గెలుస్తారో చూస్తున్నాడు.

మే నెలలో చిన్న చేర్పు. ఇంటికి తూర్పున రెండు మేపుల్ చెట్లున్నాయి. చలికాలంలో మోడులు, ఇప్పుడు నిండా ఆకులు. గాలేసిన రోజున, వాన పడ్డాక ఎన్‌బీసీ ఒకటి రెండుసార్లు తడబడింది. తడి ఆకులు యూహెచ్‌ఎఫ్‌ని బాగా తాగేస్తాయి. సీబీఎస్‌కి ఏమీ కాలేదు, పొడవాటి తరంగాలకి ఆకులు ఓ లెక్క కాదు. చలికాలమంతా ఏడిపించిన ఛానెలే ఇప్పుడు ఇంట్లో అన్నిటికన్నా నిలకడగా వస్తోంది. యాంటెన్నాని బీరువా మీద రెండు జానలు ఎడమకి జరిపితే ఎన్‌బీసీ కూడా సర్దుకుంది. కొనే యాంటెన్నా ఏదైనా, చెట్లు చిగిర్చాక ఒకసారి, ఆకు రాలాక ఒకసారి జరిపి చూసుకోండి. ఛానెల్ ఉన్నట్టుండి మాయమైతే మళ్ళీ స్కాన్ కొట్టండి, స్టేషన్ మకాం మార్చి ఉండవచ్చు.

పల్చటి యాంటెన్నాని పారెయ్యలేదు. అత్తగారు ఆరు నెలల కోసం వచ్చారు, ఆవిడ గదిలో చిన్న టీవీకి పెట్టాను. ఉదయం పీబీఎస్‌లో వంటల కార్యక్రమాలు మాట తగ్గించి చూస్తూ, "ఇంత వెన్న ఎందుకమ్మా" అంటుంటారు. అక్కడ కూడా అది సీబీఎస్‌ని పట్టదు. ఆవిడకి సీబీఎస్‌తో పని లేదు.